పెద్ద అల పక్కన నిజం చిన్నబోతుంది

సముద్రం కథల్లో కోతలు ఉండకూడదని నేను అనను. ఉప్పు లేని పప్పు ఎవరు తింటారు? కానీ ఆ కోతల్ని ఉన్నవి ఉన్నట్టుగా మన కుటుంబ చరిత్రలో చేర్చేద్దామంటే మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఎందుకో ఇవాళ కాస్త వివరంగా రాస్తాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

సముద్రంతో మన వాళ్ళకున్న కథలు పంపమని పోయిన దసరాకి ఇక్కడ అడిగాం కదా. యానాంలో ఉన్నవాళ్ళు, పుదుచ్చేరిలో స్థిరపడిన మేము, మద్రాసు, బరంపురం, ముంబయి వాళ్ళు అందరూ బాగానే పంపారు. వాటిల్లో సగం పాతకాలపు రంగూన్ ప్రయాణాలు. మిగతా సగం ఈ కాలపువి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాకో, చేతిలో నాలుగు డబ్బులు ఆడాకో సరదాకి చిన్న పడవ కొనుక్కున్న మన మగవాళ్ళు చెప్పిన గాలివాన కథలు. అన్నిట్లోనూ అల ఇంటి కప్పంత ఉంది. అన్నిట్లోనూ చుక్కాని పట్టింది కథ చెప్పినాయనే. ఒక్క కథలోనూ ఎవరూ వాంతి చేసుకోలేదు.

వీటిని ఏం చెయ్యాలనే దాని మీద మనలో రెండు పక్షాలు తేలాయి. కథని కథలా ఉండనివ్వండి, పెద్దవాళ్ళ నోటి మాటని దిద్దడానికి మనమెవరం అనేది ఒకటి. రుజువు లేనివన్నీ తీసెయ్యండి, లేకపోతే నవ్వులపాలవుతాం అనేది రెండోది. నాకు రెండూ నచ్చలేదు. అలకి మినహాయింపు ఇద్దాం, కానీ టైము, గాలి, చోటు, చుక్కాని పట్టిన మనిషి, ఈ నాలుగింటికీ మినహాయింపు లేదు. నేను అడిగేది అంతే.

ఎందుకంటే కోతల వల్ల జరిగే నష్టం మనం అనుకునే చోట లేదు. గోరంతని కొండంత చేస్తే వినేవాళ్ళు ఊరికే భయపడతారని అనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు. కొండంత చెప్పాక నిజమైన ప్రమాదం గోరంతలా కనిపించడం మొదలెడుతుంది.

మా పెద్దన్నయ్య సంగతే తీసుకోండి. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ముగ్గురు స్నేహితులతో కలిసి 22 అడుగుల తెరచాప పడవ కొన్నాడు. ఒక డిసెంబరులో కడలూరు దాకా వెళ్ళి తిరిగి పుదుచ్చేరి వస్తుంటే ఈశాన్యం గాలి ఎదురు తగిలింది. ఆ కథ మొదటి సంక్రాంతికి 10 అడుగుల అల. తర్వాత వచ్చిన పెళ్ళిలో 15. ఇప్పుడు 20. "మొన్నటిదాకా పదిహేనే కదండీ" అని వదిన లోపల్నించి అంటే, "అది ముందు వచ్చిన అల" అంటాడు. అందరం నవ్వుతాం. బాగా చెప్తాడు కూడా.

పోయిన ఏడాది మా తమ్ముడి కొడుకు, ఇరవై మూడేళ్ళవాడు, అదే పడవ తీసుకుని అదే దారిన వెళ్తానన్నాడు. అదీ డిసెంబరే. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం ఎలా ఉంటుందో రోజూ ముందుగా చెప్తుంది కదా, ఆ రోజుకి 2 మీటర్ల అలలు అని ఇచ్చింది. వాడు ఫోను నాకు చూపించి, "రెండు మీటర్లంటే ఆరున్నర అడుగులేగా అత్తా! పెదనాన్న ఇరవై అడుగుల్లో వచ్చాడు, నేను ఆరులో రాలేనా?" అన్నాడు. అబద్ధం పనిచేసేది ఇలాగే. ఆ 20 అడుగులు వాణ్ణి భయపెట్టలేదు, ఆ 2 మీటర్లని చిన్నది చేశాయి. ఆఖరికి వాళ్ళమ్మ పడవ తాళంచెవి దాచింది కాబట్టి వెళ్ళలేదు.

ఆ 2 మీటర్లంటే ఏమిటో మనలో చాలామందికి తెలీదు. అది అన్నిటికన్నా పెద్ద అల ఎత్తు కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడోవంతు తీసుకుని, వాటి సగటు చెప్తారు. అంటే దానికన్నా పెద్దవి మధ్యమధ్యలో వస్తూనే ఉంటాయి. అప్పుడప్పుడూ దాదాపు రెట్టింపు ఎత్తుది కూడా ఒకటి వస్తుంది. రెండు మీటర్ల రోజున 12, 13 అడుగుల అల ఒకటి రావడం వింతేమీ కాదు. ఈ లెక్కన అన్నయ్య మొదటి సంక్రాంతికి చెప్పిన 10 అడుగులు అబద్ధం కాకపోవచ్చు. ఆ మొదటి మాటని అలాగే ఉంచి ఉంటే కుర్రాడికి సరైన హెచ్చరికగా పనికొచ్చేది. పెంచిన పది అడుగులే దాన్ని పాడుచేశాయి.

ఇంకో సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. చిన్న పడవలో ఉన్నవాడు కావాలనే అబద్ధం చెప్తాడని కాదు, ముందు అతని కన్నే అతనికి అబద్ధం చెప్తుంది. 22 అడుగుల పడవలో కూర్చున్న మనిషి కన్ను నీటికి సుమారు 5 అడుగుల ఎత్తున ఉంటుంది. రెండు అలల మధ్య పల్లంలో పడవ ఉన్నప్పుడు ఎదుటి అల దిగంతం గీతని అప్పుడే కప్పేసిందంటే, ఆ అల మీ కన్నంత ఎత్తు ఉందన్నమాట. ఐదు అడుగులు. అంతకు మించిన దేనికైనా పక్కన కొలుచుకోవడానికి చెట్టూ ఉండదు, మేడా ఉండదు. పైగా పడవ అల వాలుతో పాటు తనూ వాలుతుంది. కూర్చున్నవాడికి మాత్రం తను నిటారుగా ఉన్నట్టూ, ఎదురుగా ఉన్న నీళ్ళే గోడలా లేచి మీదికి వంగినట్టూ ఉంటుంది. గుండె కొట్టుకోవడం దీనికి తోడు. ఎనిమిది అడుగులు పదిహేనులా కనపడటం సహజమే.

కొలవాలంటే దారి లేకపోలేదు. 1933 ఫిబ్రవరిలో ఉత్తర పసిఫిక్‌లో రమాపో అనే అమెరికా నౌకాదళం ఓడ ఒక అలని 112 అడుగులని లెక్కకట్టింది. ఊరికే చూసి అన్నమాట కాదు. ఓడ పల్లంలో ఉండగా, పైన స్తంభం మీద ఫలానా చోటికీ అల శిఖరానికీ దిగంతానికీ చూపు ఒకే గీతలో కలిసిందని గుర్తుపెట్టుకుని, ఓడ కొలతల్ని బట్టి లెక్క వేశారు. అందుకే ఆ 112 ఇప్పటికీ నిలబడి ఉంది.

వేటకి వెళ్ళేవాళ్ళ మాట వేరుగా ఉంటుంది, మీరు కూడా గమనించే ఉంటారు. తెల్లారగట్ల వెళ్ళి ఒడ్డుకొచ్చిన తండేలు చెప్పేది నాలుగు ముక్కలు. నీరు ఎటు లాగుతోంది, గాలి ఎప్పుడు తిరిగింది, మొగ దగ్గర ఇసుక ఎక్కడ మేట వేసింది, చేప ఉందా లేదా. వాళ్ళూ సాయంత్రం పూట కోతలు కోస్తారు, అందులో మన మగవాళ్ళకేమీ తీసిపోరు. కానీ పొద్దుటి మాట వేరు, సాయంత్రం మాట వేరు. పొద్దుటి మాట విని పక్కింటివాడు పడవ దింపుతాడు. ఆ పడవలో అతని కొడుకో, బావమరిదో కూడా ఉండొచ్చు. గోదావరి మొగ దగ్గర ఆటు సమయంలో నదినీరు బయటికి తోస్తుంటే, సముద్రపు అల లోపలికి వస్తుంటుంది. రెండూ ఎదురెదురై అల నిట్టనిలువుగా లేచి విరుగుతుంది. అదే చోట పోటు మీద హాయిగా దాటొచ్చు. అక్కడ ఒక గంట తేడా అంటే ప్రాణం తేడా. కాబట్టి తండేలు పొద్దుటి మాటలో గంట ఎప్పుడూ తప్పదు. సరదాకి వెళ్ళేవాడి కథ వినేవాళ్ళందరూ సోఫాలో కూర్చుని ఉంటారు. వాళ్ళలో రేపు ఎవరూ పడవ దింపరని అతని నమ్మకం. మా మేనల్లుడి సంగతి చూశాక ఆ నమ్మకం కూడా నాకు లేదు.

ఒడ్డున కూర్చున్నవాళ్ళ కోసం చెప్పిన అబద్ధం నీళ్ళలో ఉన్నవాణ్ణి ఎలా ముంచుతుందో చూడాలంటే 1968 నాటి ఇంగ్లండు పందెం చూడాలి. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, తెరచాప పడవలో భూమి చుట్టి రావాలి. సండే టైమ్స్ పత్రిక పెట్టిన పోటీ అది. మొదట వచ్చినవాడికి బంగారు గోళం, అందరికన్నా వేగంగా వచ్చినవాడికి 5,000 పౌన్లు. తొమ్మిదిమంది బయల్దేరారు. వాళ్ళలో డొనాల్డ్ క్రోహర్స్ట్ అనే ఆయన ఎలక్ట్రానిక్ పరికరాల వ్యాపారి, సెలవురోజుల్లో పడవ నడుపుకునే మనిషి. ఇల్లూ వ్యాపారమూ తాకట్టులో పెట్టి, పని పూర్తికాని పడవతో ఆఖరి గడువు రోజున, అక్టోబరు 31న బయల్దేరాడు. పడవ నీళ్ళు పడుతోంది, దక్షిణ మహాసముద్రానికి తట్టుకోదని ఆయనకి త్వరలోనే అర్థమైంది. వెనక్కి తిరిగితే అప్పులు, అవమానం. అందుకని అట్లాంటిక్‌లోనే తిరుగుతూ రేడియోలో మాత్రం తను ముందుకు దూసుకుపోతున్నట్టు చెప్పాడు. ఒకే రోజులో 243 మైళ్ళు వచ్చానన్నాడు. పత్రికలు పండగ చేసుకున్నాయి. అనుమానించినవాళ్ళలో న్యాయనిర్ణేతల పెద్ద, స్వయంగా భూమి చుట్టివచ్చిన ఫ్రాన్సిస్ చిచెస్టర్ ఒకడు.

ఆ పందెంలో నైజెల్ టెట్లీ అనే ఇంకొకాయన నిజంగానే భూమి చుట్టేసి ఇంటి దారి పట్టాడు. పడవ అప్పటికే బీటలు వారి ఉంది. నెమ్మదిగా తెచ్చుకుని ఉంటే చేరేవాడేమో. కానీ వెనకాలే క్రోహర్స్ట్ తరుముకొస్తున్నాడని రేడియో చెప్తుంటే నెమ్మది ఎలా? చాపలు ఎక్కువ కట్టి తోలాడు. 1969 మేలో, గమ్యం ఇంక 1,100 మైళ్ళు ఉందనగా పడవ మునిగింది. ఆయన్ని ప్రాణాలతో కాపాడారు గానీ పందెం పోయింది. లేని పడవతో పోటీపడి ఉన్న పడవ పోగొట్టుకున్నాడు.

క్రోహర్స్ట్ పడవ జూలై 10న మనిషి లేకుండా తేలుతూ దొరికింది. నిజంగా ఎక్కడున్నాడో ఆ లెక్కా, లోకానికి చెప్పిన లెక్కా, రెండూ అందులో ఉన్నాయి. ఆయన మళ్ళీ కనపడలేదు. తొమ్మిదిమందిలో పూర్తిచేసింది రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒక్కడే. ఆయన తన 5,000 పౌన్లు క్రోహర్స్ట్ భార్యాబిడ్డలకి ఇచ్చేశాడు. నాకు క్రోహర్స్ట్ మీద కోపం కన్నా జాలే ఎక్కువ. ఆయన దుర్మార్గుడు కాదు. ఒకసారి పెద్ద అంకె చెప్పాక దాన్నించి దిగిరాలేకపోయిన మనిషి.

ట్రిస్టన్ జోన్స్ కథ ఇంకో రకం. చిన్న పడవల ప్రయాణాల మీద ఎన్నో పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు. 1924లో నడిసముద్రంలో, ఓడలో పుట్టానని, రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో పోరాడానని రాసుకున్నాడు. ఆయన పోయాక ఆంథొనీ డాల్టన్ అనే రచయిత రికార్డులు తవ్వితే, పుట్టింది 1929లో, లివర్‌పూల్‌లో అని తేలింది. నౌకాదళంలో చేరేసరికి యుద్ధం అయిపోయింది. ఇందులో విషాదం ఏమిటంటే, ఆయన చేసినవి నిజంగానే గొప్ప పనులు. తన పడవని దక్షిణ అమెరికా కొండల మీదున్న టిటికాకా సరస్సు దాకా తీసుకెళ్ళాడు. కాలు పోయాక కూడా సముద్రం మీద తిరిగాడు. ఇప్పుడు ఆయన పుస్తకం తెరిచినవాడు ప్రతి పేజీ దగ్గరా ఆగి "ఇదైనా నిజమేనా?" అని అడుగుతాడు. కల్పించిన గొప్ప వచ్చి సంపాదించుకున్న గొప్పని తినేసింది.

"అలా అయితే నిజం చెప్పినవాళ్ళని కూడా లోకం నమ్మలేదు కదా?" అని మన బరంపురం బావగారు అడిగారు. మంచి ప్రశ్నే. ఫ్రెంచి నావికుడు దుమోం ద్యుర్విల్ 1826లో హిందూ మహాసముద్రంలో వంద అడుగులు దాటిన అలలు చూశానన్నాడు. తోటివాళ్ళు ముగ్గురు సాక్ష్యం చెప్పారు. అయినా పారిస్‌లో అరాగో అనే పెద్ద శాస్త్రవేత్త ఎగతాళి చేశాడు. అంతంత అలలు నావికుల కోతలేనని చాలామంది చాలాకాలం అనుకున్నారు. చివరికి 1995 జనవరి 1న నార్వేవాళ్ళ డ్రాప్‌నర్ గ్యాసు వేదిక మీదున్న లేజరు పరికరం 25.6 మీటర్ల అలని పట్టింది. అప్పుడు అక్కడి మామూలు లెక్క 12 మీటర్లు. "కాబట్టి కథల్ని అలాగే ఉంచండి, రేపు నిజమని తేలొచ్చు" అంటారు బావగారు. నేను సరిగ్గా ఇందులోంచే ఎదురు అర్థం తీస్తాను. నిజం చెప్పిన ఆ నలుగురినీ ఎందుకు నమ్మలేదు? వాళ్ళకి ముందు వందమంది కోతలు కోసి ఉన్నారు కాబట్టి. ఆఖరికి వాళ్ళ పరువు నిలబెట్టింది ఇంకో కథ కాదు, కొలత.

ఇదంతా పరాయి దేశాల సంగతి అనుకోకండి. ఈ పాఠం మన యానాం పక్కనే ఉన్న కోరంగిలో కూడా ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారంటే ఆ రేవుకి ఎంత పేరో చూడండి. 1839 నవంబరులో తుపాను, ఉప్పెన వచ్చి దాన్ని తుడిచిపెట్టాయి. ఆ ఉప్పెనలో 3 లక్షలమంది పోయారనీ, 20,000 పడవలు నాశనమయ్యాయనీ ఎన్నో చోట్ల కనిపిస్తుంది. అంతకు ముందు 1789 ఉప్పెనకి కూడా 20,000 అనే అంకే చెప్తారు, కాకపోతే అక్కడ అది పోయిన మనుషుల లెక్క. ఒకే గుండు అంకె రెండు తుపానుల్లో, ఒకచోట మనుషులుగా, ఒకచోట పడవలుగా! ఆ పాయల్లో 20,000 పడవలు ఎక్కడ పట్టాయో నాకు అంతుపట్టదు. జరిగింది మహా ఘోరమే, అందులో అనుమానం లేదు. కానీ అంకె చూసి అనుమానం పుడితే, ఘోరం మీద కూడా పుడుతుంది. పోయినవాళ్ళకి మనం చేసే అన్యాయం అదే.

ఆ కోరంగి తుపాను గురించే ఇంకో రకం రాత కూడా ఉంది. హెన్రీ పిడింగ్టన్ అని, ఓడ కెప్టెనుగా పనిచేసి కలకత్తాలో స్థిరపడినాయన. బంగాళాఖాతం తుపానుల్లో చిక్కుకున్న ఓడల లాగ్‌బుక్కులు పోగేసేవాడు. ఏ గంటకి గాలి ఏ దిక్కు నుంచి వీచింది, ఎటు తిరిగింది, బారోమీటరు ఎంత పడింది, ఓడ ఎక్కడుంది. ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి గాలి సుడి ఎలా తిరిగిందో, ఎటు నడిచిందో గీసేవాడు. 1839 కోరంగి తుపాను మీదా అలా రాశాడు. ఇవాళ మనం అనే సైక్లోన్ అన్న మాట కూడా ఆయన పెట్టిందే, 1848 నాటి పుస్తకంలో. ఆ ఓడల మీద ఉన్నవాళ్ళు కూడా రేవులో దిగాక కోతలు కోసే ఉంటారు. అవి గాలికి పోయాయి. లాగ్‌బుక్కులో రాసిన గంటలూ దిక్కులూ మాత్రం తుపాను మధ్యలోంచి ఎలా తప్పుకోవాలో తర్వాతి నావికులకి నేర్పాయి.

ఆ పిడింగ్టన్ 1853లో గవర్నరు జనరలుకి ఒక హెచ్చరిక రాశాడు. సుందర్‌బన్‌లో మాతలా నది మీద కట్టాలనుకుంటున్న కొత్త రేవుని ఏదో ఒకనాడు ఉప్పెన ముంచేస్తుంది, వద్దు అని. వినలేదు. పోర్ట్ కానింగ్ కట్టారు. 1867లో తుపాను ఉప్పెన వచ్చి దాన్ని పాడుపెట్టింది. అప్పటికి ఆయన పోయి తొమ్మిదేళ్ళు.

ఇంక నాలుగో సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. చుక్కాని పట్టింది ఎవరు? అన్నయ్య పడవ కథలో ఇన్నాళ్ళూ వినపడని మనిషి ఒకాయన ఉన్నాడు. కూలికి తోడు వచ్చిన కడలూరు జాలరి. చీకటి పడ్డాక చుక్కాని ఆయనే పట్టాడు. చాప సగం దింపమన్నది ఆయనే. తీరానికి దగ్గరగా పోదామని అన్నయ్య అంటే, వద్దు, అల విరిగేది అక్కడే, లోతులోనే ఉందామని ఆపింది కూడా ఆయనే. ఈ సంగతులు నేను "చాప ఎప్పుడు దింపారు?" అని అడిగితే బయటపడ్డాయి. సరదా నావికుల కథలన్నిట్లోనూ ఇలాంటి మనిషి ఒకడు మాయమవుతాడు. అల పెరిగినకొద్దీ అతను చిన్నవాడైపోయి, చివరికి పడవలోంచే పోతాడు.

పాత కథల్లోనూ ఇంతే. "మా ముత్తాత కాకినాడ నుంచి రంగూన్‌కి ఓడ నడిపాడు" అని మూడు శాఖల వాళ్ళు రాసి పంపారు. మన దగ్గరున్న కాగితాల్ని బట్టి ఆయన ఓడ డెక్కు మీద చాప పరుచుకుని వెళ్ళిన ప్రయాణికుడు. వెళ్ళింది రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఈత రాని మనిషి, భాష రాని దేశానికి, ఇంట్లో పిల్లల్ని వదిలి, డెక్కు మీద వానకి తడుస్తూ వెళ్ళాడు. ఓడ నడిపాడని చెప్పినప్పుడు ఈ ధైర్యం మొత్తం చెరిపేస్తున్నాం. మనం పుదుచ్చేరిలోనో బరంపురంలోనో ఇవాళ ఇలా ఉన్నామంటే ఆ మోసిన మూటల వల్ల. లేని సరంగు వల్ల కాదు.

సొంత ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఈ బాధ ఇంత ఉండదు. అక్కడ ఒకడు కోత కోస్తే, ఆ వీధిలో నిజం తెలిసిన పదిమంది ఉంటారు, "ఒరేయ్, ఆపరా" అంటారు. మనకి ఆ పదిమంది లేరు. తమిళమో ఒడియానో మరాఠీనో మధ్య పెరిగిన పిల్లలకి తాత ఊరి గురించి తెలిసేది మనం రాసిపెట్టిన నాలుగు పేజీలే. తెలుగు చదవడం కూడబలుక్కుని వచ్చిన పిల్ల, పాపం, ఆ నాలుగు పేజీలూ నిజమనే నమ్ముతుంది. రేపు కాలేజీలో ఎవరో ఒకటి తప్పని చూపిస్తే, మిగతా మూడున్నర పేజీలూ కూడా పారేస్తుంది. 1996 నవంబరు తుపానుకి మన యానాం, కోనసీమ ఎలా అల్లాడిపోయాయో, వెయ్యిమందికి పైగా ఎలా పోయారో మనవాళ్ళు కళ్ళారా చూసి చెప్పినవి ఈ పేజీల్లోనే ఉన్నాయి. వాటి పక్కన 20 అడుగుల అలని పెట్టి, రెండిటికీ ఒకే విలువ కట్టమని పిల్లల్ని అడగలేం.

ఇలా దిద్దితే కథలో పస పోతుందనే భయం కొందరికుంది. పోదు. అన్నయ్య ఫోనులో ఆ రోజు దారి మొత్తం నమోదై ఉంది. తీసి చూశాం. "రాత్రంతా" కాదు, 3 గంటల 10 నిమిషాలు. ఇప్పుడు ఆ కథ ఇలా ఉంది: సాయంత్రం ఐదున్నరకి గాలి ఈశాన్యానికి తిరిగింది. ఆరుకి చాప సగం దింపారు. ఆరుంపావుకి అన్నయ్యకి వాంతులు మొదలై చుక్కాని వదిలేశాడు. కడలూరు ఆయన పట్టుకున్నాడు. ఎనిమిది నలభైకి లంగరు వేశారు. దిగాక అన్నయ్య కాళ్ళు వణికి అరగంట ఇసకలో కూర్చుండిపోయాడు. అల ఎత్తు "నాకు 20 అడుగులనిపించింది" అని ఆయన మాటల్లోనే ఉంచాం. మా మేనల్లుడు ఇది చదివి నవ్వలేదు. "ఆరు దాకా చాప ఎందుకుంచారు?" అని అడిగాడు. పాత కథ విన్నన్నాళ్ళూ వాడికి ఈ ప్రశ్న రాలేదు.

ఈ ఉపాయం నాది కాదు. ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ అనే నౌకాదళం అధికారి 1806 ప్రాంతంలోనే గాలికి 0 నుంచి 12 దాకా అంకెలు పెట్టాడు. గాలి ఎంత భయంకరంగా ఉందని ఆయన అడగలేదు. ఆ గాలిలో ఓడ ఎంత చాప మొయ్యగలదని అడిగాడు. భయానికి కొలత లేదు, చేసిన పనికి ఉంది. 2018లో మన అభిలాష్ టామీ దక్షిణ హిందూ మహాసముద్రంలో ఒంటరిగా చిక్కుకున్నప్పుడు పంపిన కబురు కూడా అలాంటిదే. పడవ దొర్లింది, స్తంభం విరిగింది, వెన్నుకి దెబ్బ, లేవలేను. అంతే. మూడు రోజుల్లో ఫ్రెంచి ఓడ వచ్చి ఆయన్ని తీసుకెళ్ళింది. అల ఎంతో ఆయన చెప్పక్కర్లేదు, విన్నవాళ్ళకి అర్థమైంది.

కాబట్టి ఈ సంక్రాంతిలోగా కథలు పంపేవాళ్ళూ, ఇదివరకు పంపినవాళ్ళూ కూడా నాలుగు ప్రశ్నలకి జవాబు రాసి జతచెయ్యండి. ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంట దాకా? గాలి ఎటు నుంచి, చాప ఎప్పుడు దింపారు, ఇంజను పడవైతే వేగం ఎప్పుడు తగ్గించారు? ఎక్కడ, ఒడ్డుకి ఎంత దూరంలో, మొగ దగ్గరైతే ఆటా పోటా? పడవలో ఎవరెవరున్నారు, చుక్కాని ఎవరి చేతిలో ఉంది? పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని అడిగేవాళ్ళు ముందు కథ మొత్తం వాళ్ళ ఇష్టం వచ్చినట్టు చెప్పనివ్వండి, మధ్యలో ఆపకండి. ఈ నాలుగూ తర్వాత, కాఫీ ఇచ్చాక అడగండి. కూలికి తోడు వచ్చినవాళ్ళ పేర్లు వాళ్ళని అడిగి, సరేనంటేనే వేద్దాం. కడలూరు ఆయన్ని కలవడానికి వచ్చే నెల అన్నయ్య, మేనల్లుడు కలిసి వెళ్తున్నారు. బస్సులోనే.